పిడి లాగని చెయ్యి

సన్నీవేల్,
1983 సెప్టెంబరు 11

ప్రభువునందు ప్రియమైన చిరంజీవి దేవకుమారికి పెదనాన్న దైవాశీర్వాదం దీవెనలు.

ప్లేనోలో మీ కొత్త కాపురం కుదుటపడిందని మీ పెద్దమ్మ మణి ఫోనులో విని చెప్పింది. నీవు యుద్ధవిమానాలకు ఆసనాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరువైనావట. ఆపద వేళ పైలట్‌ను ఆసనంతో సహా ఆకాశంలోకి విసిరి, పారాచూట్ విప్పి దించే ఆసనాలట. మాస్కోలో మా అనువాదశాలలో మీ నాన్న కృపావరం బల్ల కింద కూర్చుని, మేము పారేసిన చిత్తుప్రతులతో విమానాలు మడిచిన ఎనిమిదేళ్ల పిల్ల నా కళ్ల ముందు మెదిలింది. తోడబుట్టకపోయినా నాకు తమ్ముడే అయిన కృపావరం ఉండి ఈ మాట వినవలసింది.

నా సంగతి వింటే నవ్వుతావు. రష్యా పిల్లల కథలను తెలుగు చేసిన ఈ చేతితోనే ఇప్పుడు రష్యా నౌకావిమానాల వ్యాసాలను ఇంగ్లీషు చేస్తున్నాను. ఇక్కడొక అనువాద సంస్థ వాళ్ల శాస్త్ర పత్రికలను ఆసాంతం ఇంగ్లీషులో వేస్తుంది. అట్ట మీద అనువాదకుడి పేరుండదు. ఉండకపోతేనేం, పని రుచికరం. వాళ్లు కీవ్ అనే మహానౌకను కట్టారు గదా, దాని మీద నుంచి విమానాలు లేస్తాయి, దిగుతాయి. అయినా దాన్ని విమానవాహక నౌక అనరు. భారీ విమానవాహక క్రూజరు అంటారు, అంటే యుద్ధనౌకల్లో మరో రకం. నల్లసముద్రంలో కట్టిన ఓడ బయటి సముద్రానికి రావాలంటే టర్కీ జలసంధి దాటాలి. విమానవాహక నౌకలు ఆ దారిన పోరాదని ఒడంబడిక చెబుతుందని ఇక్కడివాళ్ల వాదన. క్రూజరుకు ఆ అడ్డు లేదు. ఏడేళ్ల కిందట కీవ్ ఆ బిరుదుతోనే దర్జాగా దాటి వచ్చింది. దాని తోబుట్టువు మిన్స్క్ ఇప్పుడు పసిఫిక్‌లో ఉంది.

ఒక్క సంగతి గర్వంగానే చెప్పుకుంటాను. ఆ పత్రికల్లోని అచ్చుతప్పులు కూడా నేనే సవరిస్తాను. తాళపత్రాలు పరిష్కరించినవాడికి ఏ వాక్యం ఎక్కడ కుంటుతోందో వెంటనే తెలిసిపోతుంది. నా కాగితాన్ని మా సంస్థలో మరొకరు తిరిగి చూడరు.

అల్లుడు ఉదయ్‌కి మా దీవెనలు.

నీ మేలు కోరే
పెదనాన్న


ప్లేనో,
అక్టోబర్ 16, 1983

పెదనాన్నగారికి వందనాలు.

మీ ఉత్తరం ఉదయ్‌కి చదివి వినిపించాను. "మీ పెదనాన్న తెలుగు అర్థం చేసుకోవడానికి నాకొక ట్రాన్స్‌లేటర్ కావాలి" అన్నాడు. మీరేమీ అనుకోకండి, అతను ఒహాయోలో పుట్టాడు.

మీతో అర్జెంట్ పని పడింది. పోయిన నెల మాకొక ఫిల్మ్ చూపించారు. మిన్స్క్ మీద యాక్ అనే రష్యన్ విమానం నిలువునా దిగుతోంది. ముందు రెండు చిన్న ఇంజన్లు, వెనక ఒక పెద్దది, మూడూ కలిస్తేనే అది గాలిలో నిలబడుతుంది. ముందు ఇంజన్ ఒకటి ఆగింది. విమానం ముక్కు వంచి పక్కకి ఒరిగింది. వెంటనే పైలట్ సీటుతో సహా బయటికొచ్చాడు, బతికాడు. అందరూ "లక్కీ గై" అన్నారు. నేను ఫ్రేములు లెక్కపెట్టాను. ఒరగడం మొదలైన అర సెకను లోపే సీటు బయట ఉంది. అంతలో మనిషి చూడాలి, ఆపద అని తెలుసుకోవాలి, కాళ్ల మధ్య ఉన్న పిడి పట్టుకుని లాగాలి. ఎవ్వరి వల్లా కాదు. అంటే పైలట్ లాగలేదు. సీటే వెళ్లిపోయింది.

అలాంటి సీటు మనమూ చేద్దామని ప్రపోజల్ రాశాను. నిలువునా దిగే విమానాలు మన దగ్గరా ఉన్నాయి, చెయ్యి పిడి దాకా వెళ్లేలోపే పోయినవాళ్లూ ఉన్నారు. మా బాస్ హాల్వర్సన్ చదివి నవ్వాడు. "డేవీ, పైలట్‌ని అడక్కుండానే సీటు బయటికి గెంటేస్తుందంటావా?" అన్నాడు. అవునన్నాను. అప్పుడు డ్రాయర్‌లోంచి ఒక పత్రిక తీసి నా ముందు పెట్టాడు. రష్యన్ వైమానిక వైద్యుల జర్నల్, ఈ సంవత్సరం రెండో సంచిక, ఇంగ్లీషులో. నౌకా పైలట్ల వెన్నెముక గాయాల మీద వ్యాసం. అందులో పైలట్ పిడి లాగగానే సీటు విడిపోతుందని స్పష్టంగా ఉంది. "వాళ్ల డాక్టరే చెబుతున్నాడు, ఇంకేం కావాలి?" అన్నాడు. పక్క టేబుల్ అతను, "మాస్కో స్కూల్లో వేరేలా చెప్పారేమో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు కదా.

డిసెంబర్ 5న రివ్యూ. నా లెక్క తప్పు కాదు పెదనాన్నగారూ. ఆ ఇంగ్లీషులో ఏదో తేడా ఉందని నా అనుమానం. ఆ జర్నల్స్ మీ దగ్గర ఉంటాయి కదా. ఆ ఒక్క పేజీ రష్యన్ ఒరిజినల్ జిరాక్స్ తీసి పంపండి చాలు.

మీ
కుమారి


సన్నీవేల్,
1983 నవంబరు 20

చిరంజీవి సౌభాగ్యవతి దేవకుమారికి ఆశీర్వచనములు.

నీ లేఖ అందినది. ప్రత్యుత్తరం ఆలస్యమైనందుకు పనుల ఒత్తిడి కారణం. నీవు అడిగిన సంచిక కోసం మా ఆఫీసు అరలన్నీ వెదికాను. కనబడలేదు. మూలప్రతులు కొన్నాళ్లకు ఎక్కడెక్కడికో తరలిపోతాయి.

అడిగావు గనుక పెద్దవాడిగా ఒక మాట. అచ్చయిన వాక్యానికి ఎదురుగా ఊహను నిలబెట్టడం సాహసం. వైద్యుడు తన కళ్లతో చూసినది రాశాడు. నీవు చూసినది ఒక ఫిల్ము. చదువు పెరిగేకొద్దీ వినయం పెరగాలని మీ నాన్నా నేనూ ఎన్నోసార్లు అనుకునేవాళ్లం.

రష్యావారి ప్రయత్నాలలో అంతకంటే విశేషాలున్నాయి. క్రిమియాలో నేల మీదనే ఓడ ముందుభాగం వంటి ఎత్తైన వాలు కట్టారట. దాని మీదుగా పరుగెత్తించి విమానాలను ఎగరేయడం అభ్యాసం చేస్తున్నారట. నల్లసముద్రపు రేవులో కీవ్ కంటే పెద్ద నౌక ఒకటి తయారవుతోందని, అది పూర్తయితే నిలువునా లేచే విమానాల అవసరమే వారికి తీరిపోవచ్చునని పత్రికలు ఊహిస్తున్నాయి. అప్పుడు నీవు చెప్పే ఆసనం ప్రశ్న కూడా దానంతట అదే సమసిపోతుంది.

ఇక్కడ చలి ఎక్కువైంది. మణికి మోకాలి నొప్పి.

ఇట్లు,
దైవాశీర్వాదం


ప్లేనో,
డిసెంబర్ 12, 1983

పెదనాన్నగారికి,

రివ్యూ అయింది. ప్రపోజల్ పక్కన పెట్టారు. హాల్వర్సన్ ఆ ఇంగ్లీషు పేజీని స్లైడ్ చేసి స్క్రీన్ మీద వేశాడు. పైలట్ పిడి లాగగానే అన్న చోట ఎర్రగీత. ఒరిజినల్ పేజీ నేను వాళ్ల ముందు పెట్టలేదు. రష్యన్ సీటు గురించి నీకెవరు చెప్పారు అని మూడుసార్లు అడిగారు. ఎవరూ చెప్పలేదు, లెక్క కట్టాను అన్నాను. లెక్క కంటే నా మాస్కో చదువే వాళ్లకి బాగా గుర్తుంది.

నన్ను ఆ గ్రూప్‌లోంచి తీసేశారు. ఇప్పుడు సీటు బెల్టుల బకిల్స్ చూస్తున్నాను. సెక్యూరిటీ వాళ్లు నా ఫైల్ మళ్లీ తెరిచారు. ఎనిమిదో ఏట నుంచి పదమూడో ఏట దాకా మాస్కోలో ఎవరెవరి ఇళ్లకి వెళ్లేదానివి అని అడుగుతున్నారు. ఎక్కువగా మీ ఇంటికే వెళ్లేదాన్ని. ఇంకా రాయలేదు.

మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు సారీ. పెద్దమ్మ మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టమనండి.

దేవకుమారి


సన్నీవేల్,
1984 జనవరి 8

అమ్మా కుమారీ,

ఈ ఉత్తరానికి ఆరంభం దొరకక నాలుగు కాగితాలు చించాను. మణి చూసి, "చదివిన పుస్తకాలన్నీ ఏం చేశాయండీ మీకు? తప్పయిందని ఒక్క మాట రాయడానికి మూడు నెలలా?" అంది. కనుక ఆ మాటే ముందు రాస్తున్నాను. తప్పయింది. ఆ అనువాదం నాది.

నవంబరులో సంచిక కనబడలేదని రాసినప్పుడు అది నా మోచేతి కిందనే ఉంది. దాని మీద కాగితం పెట్టుకునే నీకా అబద్ధం రాశాను.

మూలంలో ఉన్నది ఇది: "విమానపు వంపు హద్దు మీరినప్పుడు, చోదకుని ప్రమేయం లేకుండానే ఆసనం వెలువడును. ఆ క్షణమున అతడు సిద్ధముగా లేనందున వెన్నుపూసలకు గాయములు కలుగుచున్నవి." నేను దాన్ని పైలట్ పిడి లాగగానే అని మార్చాను. మార్చినట్టు ఎక్కడా చెప్పలేదు.

నా యౌవనంలో గురువుగారి దగ్గర తాళపత్రాలు పరిష్కరించాను. లేఖకుడు నిద్రమత్తులో ఒక మాట జారవిడుస్తాడు. అర్థం పొసగదు. పరిష్కర్త సరైన పాఠం ఊహించి పైన వేస్తాడు, పాత పాఠాన్ని పేజీ అడుగున చూపిస్తాడు. ఆ అడుగు పంక్తే మా వృత్తికి నీతి. రేపు మనకంటే తెలిసినవాడు వచ్చి మనల్ని దిద్దడానికి తెరిచి ఉంచిన తలుపు అది. మా సంస్థ కూడా అనువాదకుడి గమనికకు చోటిస్తుంది. నేను రాయలేదు. రాస్తే దైవాశీర్వాదానికి ఈ వాక్యం బోధపడలేదని నలుగురికీ తెలిసిపోతుంది.

ఎందుకు బోధపడలేదో చెప్పడం ఇంకా సిగ్గు. నలభై ఏళ్లుగా ఆదివారాల్లో నేను చెప్పిన బోధ ఒకటే, మొరపెట్టినవాడికి రక్షణ. మొరపెట్టకముందే వచ్చే రక్షణ ఉందని కూడా లేఖనాలు చెబుతాయి. ఆ భాగాలూ చదివాను, వేదిక మీద నిలబడి బోధించాను కూడా. ఏనాడూ నమ్మలేదని ఈ ఒక్క వాక్యం దగ్గర బయటపడింది. మనిషి చెయ్యి కదపకుండానే అతణ్ణి కాపాడే ఆసనం ఉంటుందంటే, అదీ దేవుడు లేడనే దేశం చేసిందంటే, నా మనసు ఒప్పుకోలేదు. అచ్చుతప్పు అనుకున్నాను. వెన్ను ఎందుకు విరిగిందో చెప్పే రెండో వాక్యం అడ్డం వచ్చింది. దాన్నీ చదును చేశాను.

నీవు లెక్క కట్టి సత్యానికి చేరావు. నేను సత్యాన్ని చేతిలో పట్టుకుని తుడిచేశాను. ఆ పైన నీకు వినయం బోధించాను.

మూలపు జిరాక్సు, నా సంతకంతో ఒప్పుకోలు పత్రం జతచేశాను. హాల్వర్సన్‌గారికి నీవు ఎప్పుడు చూపదలచుకుంటే అప్పుడు చూపించు. తీర్పు నీ చేతిలో పెడుతున్నాను.

తల ఎత్తలేని
పెదనాన్న


ప్లేనో,
జనవరి 29, 1984

పెదనాన్నగారూ,

మీ కవరు నాలుగు రోజులు టేబుల్ మీదే ఉంది.

నాకు డిసెంబర్‌లోనే తెలుసు. రివ్యూకి ముందు శనివారం ఆస్టిన్ డ్రైవ్ చేశాను, అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో ఆ సంచిక ఉంది. నా రష్యన్ ఆరో క్లాసు దగ్గరే ఆగిపోయింది. కానీ ఆ వాక్యం ఆరో క్లాసు పిల్లలకి కూడా అర్థమవుతుంది. తర్వాత ఇంగ్లీషు పేజీ మళ్లీ చూశాను. పైలట్ అనే మాటకి "ది ఎఫోర్‌సెడ్ ఏవియేటర్" అని, అంటే పైన చెప్పిన చోదకుడు అని, గ్రాంథికంగా రాసే మనిషి అమెరికా మొత్తంలో ఒక్కరే ఉంటారు. లైబ్రరీలో కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

జిరాక్స్ బ్యాగ్‌లో పెట్టుకునే రివ్యూకి వెళ్లాను. బయటికి తీయలేదు. తీస్తే ఎవరు మార్చారని అడుగుతారు. మాస్కోలో ఎనిమిదేళ్లున్న మనిషి రష్యన్ నేవీ గురించిన వాక్యాన్ని అమెరికా వాళ్ల కోసం తిప్పి రాశాడు. వాళ్లకి తాళపత్రాలు తెలియవు పెదనాన్నా. దానికి వాళ్ల దగ్గర వేరే పేరుంది. అందుకే నోరు మూసుకున్నాను. ఉదయ్ ఇప్పటికీ నన్ను తిడుతున్నాడు. "హీ లైడ్ టు యూ, కుమారీ" అంటాడు. నిజమే కదా.

మీరు తప్పు చేసినందుకు నాకు కోపం లేదు. ఊహని నిలబెట్టడం సాహసం అన్నారే, ఆ లైన్ ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కార్‌లో కూర్చుని చదివాను. నిజంగానే నాకు పొగరేమో అనుకున్నాను. ఆస్టిన్ వెళ్లేదాకా వారం పైగా అలాగే అనుకున్నాను. అది మాత్రం నేను మర్చిపోలేను.

ఇప్పుడు తీర్పు నా చేతిలో పెడుతున్నానంటున్నారు. వద్దు. మీ పేరు నా చేత చెప్పించకండి. మీ కాగితాలు తిరిగి పంపిస్తున్నాను. ఆ సీటు పని ఆగిపోయి ఉంది. రోజూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు అలాంటి విమానాన్ని కిందికి దించుతున్నారు. వాళ్ల సంగతి ఆలోచించండి, నా సంగతి కాదు.

కుమారి


సన్నీవేల్,
1984 మార్చి 25

అమ్మా,

నీవు తిప్పి పంపిన కాగితాలు అందిన సోమవారమే మా సంస్థ నిర్వాహకురాలు మిసెస్ బ్రాండ్ట్ ముందు కూర్చున్నాను. జిరాక్సు, నా అనువాదం పక్కపక్కన పెట్టాను. ఆమె ఒకసారి చూసి, "ఒక్క వాక్యమేనా మిస్టర్ దైవా? వచ్చే సంచికలో సవరణ వేద్దాం" అంది. నా పేరుతో వేయమన్నాను. "సవరణలకు పేర్లు వేయం. అయినా పేరు మీరే కదా ఇన్నాళ్లూ వద్దన్నది?" అంది. అది నిజం. పేరు అడిగితే ఇస్తామన్నారు, నేనే వైరాగ్యం నటించాను.

పది రోజుల తరువాత సూట్లు వేసుకున్న ఇద్దరు ఇంటికి వచ్చారు. ఏ శాఖవారో కార్డు చూపించారు గాని నా కళ్లు మసకబారి చదవలేకపోయాను. మణి కాఫీ తెచ్చి, "ప్రశ్నలు చాలా ఉన్నట్టున్నాయి, చక్కెర ఎక్కువే వేశాను" అంది. వాళ్లలో చిన్నవాడు నవ్వాడు. పెద్దవాడు నవ్వలేదు.

"ఈ వాక్యం మార్చమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది."

"ఎందుకు మార్చావు?"

"నాకు అర్థం కాలేదు గనుక."

అది జవాబు కాదనుకుని అతడు రాసుకోలేదు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. నాకు అర్థం కాలేదు అనే మాటను ఏ భాషలోనైనా పైకి అనడం నా జన్మలో అదే మొదటిసారి. మూడోసారికి రాసుకున్నాడు. వాళ్లు వెళ్లాక మణి కప్పులు తీస్తూ, "ఇంతేనా, దీనికేనా ఇన్నాళ్లు నా నిద్ర కూడా చెడగొట్టారు?" అంది. సంస్థ నాకు పని పంపడం మానేసింది. న్యాయమే.

సవరణ అచ్చయింది. ఒక పంక్తి. దాన్ని హాల్వర్సన్‌గారు చూడకపోవచ్చునని భయపడి, ఆయనకు నేనే నా పేరు, చిరునామా, ఫోను నంబరుతో ఉత్తరం రాశాను. మూలం ఏమి చెబుతున్నదో, నేను ఏమి చేశానో, ఎందుకు చేశానో దాచలేదు. మీ ఇంజనీరు కట్టిన లెక్క అక్షరాలా సరైనదని రాశాను. చివర, ఆ ఇంజనీరు నాకు తెలియదని, ఆమెతో నాకు ఎలాంటి సంబంధమూ లేదని, సత్యం కోసమే రాస్తున్నానని కలిపాను. నీ ఫైలు తెరిచి ఉన్నదని రాశావు గదా. నా నీడ దాని మీద పడకూడదు. ఎవరైనా అడిగితే నీవూ అదే చెప్పు. మనం ఒకరినొకరం ఎరుగం.

ఈ వేసవికి మీరు వస్తామన్న మాట నాకు గుర్తుంది. రావద్దు.

దైవాశీర్వాదం


ప్లేనో,
ఏప్రిల్ 14, 1984

పెదనాన్నగారికి,

నిన్న హాల్వర్సన్ మీ ఉత్తరం పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చాడు. ఆరు పేజీలు. "ఈయన ఒక్క వాక్యానికి ఇంత క్షమాపణ చెప్పాడు. నేనెంత చెప్పాలో తెలియడం లేదు" అన్నాడు. అతని భాషలో అది చాలా పెద్ద మాట. ప్రాజెక్ట్ మళ్లీ మొదలవుతోంది. లీడ్ నేను కాదు, అప్పుడు మాస్కో స్కూల్ అన్నాడే, ఆ పక్క టేబుల్ అతను. లెక్కలు మాత్రం నావే. నిన్న మధ్యాహ్నం ఆ లెక్కలు చెప్పమని కుర్చీ లాక్కుని వచ్చాడు. చెప్పాను.

హాల్వర్సన్ వెళ్లబోతూ ఆగాడు. మీ చివరి పేరా మీద వేలు పెట్టి, "నువ్వెవరో తెలియదని రాశాడు. కానీ ఆరు పేజీల్లో నీ పేరు పదకొండు సార్లు ఉంది, ఒక్కచోట కూడా స్పెల్లింగ్ తప్పు పోలేదు. మేమెవ్వరం అలా రాయలేం. డూ యూ నో దిస్ మ్యాన్?" అన్నాడు.

మీరెందుకలా రాశారో నాకు తెలుసు. తెలియదు అంటే అక్కడితో అయిపోయేది. ఫైల్ కూడా ఈ నెలలో మూసేసేవాళ్లు.

"యెస్. మా నాన్నకి అన్న" అన్నాను.

"సొంత అన్నా?"

"తెలుగులో అయితే అవును."

సోమవారం సెక్యూరిటీ వాళ్లు రమ్మన్నారు. ఫారాలు మొదటి నుంచి నింపాలి. బంధువులు అన్న చోట మీ పేరు రాస్తున్నాను. పుట్టిన తేదీ కావాలి. పెద్దమ్మ చేత ఫోన్ చేయించండి. మీరు చెబితే సవరించి చెబుతారు.

ఈ వేసవికి రాలేను. ఇంకా కొంచెం టైమ్ కావాలి.

కుమారి


సన్నీవేల్,
1984 ఏప్రిల్ 19

అమ్మా కుమారీ,

ఎరుగనని రాసినవాణ్ణి నీవు ఎరుగుదునన్నావు. అడిగిన దానికి మాత్రం రాస్తున్నాను. మణికి చెప్పలేదు, ఇది ఆమెకు కూడా తెలియదు.

పాస్‌పోర్టులో, ఇక్కడి అన్ని కాగితాలలో నా పుట్టిన తేదీ 1918 జులై 1. బడిలో వేసేటప్పుడు మా నాన్న తగ్గించి రాయించిన తేదీ అది. నేను పుట్టింది 1916 ఫిబ్రవరి 27. మాస్కోలో అడిగారు, ఇక్కడ అడిగారు, మొన్న వచ్చిన ఇద్దరూ అడిగారు. అందరికీ మొదటిదే చెప్పాను.

ఫారంలో రెండూ రాయి. ఏది అబద్ధమో కూడా రాయి.

పెదనాన్న